స్కూలుకి నెట్ కొనేటప్పుడు వినకూడని ఎనిమిది సలహాలు

జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళలో కొనుగోళ్ళతో సంబంధం ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. స్టోర్స్‌లో, పర్చేజ్‌లో, కాంట్రాక్ట్స్ సెల్‌లో, ఆడిట్‌లో, వెండర్ల దగ్గర. బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో ఉత్సవానికి కలిసినా, కదమాలో పెళ్ళి భోజనాల దగ్గర కలిసినా టెండర్ల మాట దొర్లకుండా ఉండదు. అలాంటి మనవాళ్ళని ఈమధ్య స్కూళ్ళు పిలుస్తున్నాయి. ఒకరు కంపెనీ సీఎస్సార్ కమిటీలో ఉంటారు, ఇంకొకరు ఆ స్కూల్లోనే చదువుకుని ఉంటారు. "మా స్కూలుకి నెట్ పెట్టించాలి, కాంట్రాక్టు కాస్త చూసిపెట్టండి" అని హెడ్‌మాస్టార్లు అడుగుతున్నారు.

అడగవలసిన అవసరం ఉంది. స్కూళ్ళ మీద కేంద్ర విద్యాశాఖ సేకరించే యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో ఇంటర్నెట్ ఉన్న స్కూళ్ళు 53.9 శాతం. 2024-25కి అది 63.5 శాతానికి చేరింది. అంటే అప్పటికి మూడో వంతుకు పైగా స్కూళ్ళకి రాలేదు. యూనిసెఫ్, ఐటీయూ కలిసి 2019లో మొదలుపెట్టిన గిగా కార్యక్రమం 2030కల్లా ప్రపంచంలోని ప్రతి స్కూలుకీ నెట్ అందాలని లక్ష్యం పెట్టుకుంది. గ్రామాల్లోని ప్రభుత్వ సెకండరీ స్కూళ్ళన్నిటికీ, పల్లెలకి ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. డబ్బు కదులుతోంది. అది తరగతి గది దాకా చేరుతుందా లేదా అన్నది కాంట్రాక్టులో రాసిన మాటల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ పనిలోకి దిగినవాళ్ళకి నలువైపుల నుంచీ సలహాలు వస్తాయి. చెప్పేవాళ్ళు మంచివాళ్ళే. ఫైలు ఆగకూడదు, ఆడిట్ అభ్యంతరం రాకూడదు అన్నదే వాళ్ళ ఆరాటం. కానీ కాంట్రాక్టు రాసే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో పిల్లలు ఎవరూ ఉండరు కాబట్టి, నష్టం వాళ్ళ మీద పడుతుందని ఎవరికీ తట్టదు. ఆ సలహాల్లో ఎనిమిదింటిని ఇక్కడ రాస్తున్నాను. దయచేసి వినకండి. ఎందుకు వినకూడదో, బదులుగా ఏం చేయాలో కూడా చెప్తాను.

1. "ముందు టెండరు పిలిచేయండి, స్కూళ్ళ వివరాలు వెండరే చూసుకుంటాడు"

చూసుకోడు. తెలియని చోటికి ధర చెప్పమంటే ఎవరైనా భయం కలిపి చెప్తారు. దారి ఎంత దూరమో, స్తంభాలు ఉన్నాయో లేవో తెలియకపోతే ఆ అనుమానమంతా కోట్‌లోకి ఎక్కుతుంది. ఆ భయానికి ఖరీదు మనం కడతాం.

గిగా మొదట చేసిన పని వైర్లు వేయడం కాదు, పటం గీయడం. ఇప్పటికి 20 లక్షలకు పైగా స్కూళ్ళు ఎక్కడ ఉన్నాయో ఆ పటం మీదకి ఎక్కించారు. కిర్గిజ్‌స్తాన్‌లో ఈ వివరాలు చేతిలో పెట్టుకుని విద్యాశాఖ కంపెనీలతో మళ్ళీ బేరానికి కూర్చుంది. ఒక్కో స్కూలుకి నెలకి 50 డాలర్లున్న ధర 28.5 డాలర్లకి దిగింది. వేగం 2 ఎంబీపీఎస్ నుంచి 4కి పెరిగింది.

చేయవలసింది: టెండరుకి ముందే ప్రతి స్కూలుకీ ఒక పేజీ తయారుచేయండి. 11 అంకెల యూడైస్ కోడ్, అక్షాంశ రేఖాంశాలు, దగ్గరలోని ఫైబర్ ఎంత దూరం, ఏ మొబైల్ కంపెనీ సిగ్నల్ ఎన్ని గీతలు వస్తుంది, రోజుకి కరెంటు ఎన్ని గంటలు, ఎన్ని గదులు, ఎంతమంది పిల్లలు. పంచాయతీ భవన్ దాకా ఫైబర్ వచ్చిందని కాగితంలో ఉంటే, అక్కడి పెట్టెలో దీపం వెలుగుతోందో లేదో మనిషిని పంపి చూడండి.

2. "అన్ని స్కూళ్ళకీ ఒకే స్పెసిఫికేషన్, ఒకే ప్యాకేజీ. పని సులువు"

మన తూర్పు సింగ్‌భూమ్ జిల్లానే తీసుకోండి. బిష్టుపూర్, సాక్చీలకి కరెంటు ఇచ్చేది టాటా స్టీల్ యూఐఎస్ఎల్. అక్కడ కోత చాలా అరుదు. సువర్ణరేఖ దాటి మాంగో వెళ్తే జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్ కరెంటు, లెక్క వేరు. దక్షిణాన డుమ్రియా, గుడాబాందా బ్లాకుల కొండల్లోకి వెళ్తే మూడో లెక్క. ఈ మూడు చోట్లకీ ఒకే స్పెసిఫికేషన్ రాస్తే పట్నానికి ఎక్కువ, కొండకి తక్కువ అవుతుంది.

"ఫైబర్ మాత్రమే" అని రాయడం కూడా ఇలాంటి పొరపాటే. వైరు ఏ దారిన వెళ్ళాలో నేల చెప్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ని కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో టీ-ఫైబర్‌ని మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేశారు. రెండూ అక్కడ ఉన్న వసతిని బట్టి తీసుకున్న నిర్ణయాలు. కొన్ని స్కూళ్ళకి రేడియో లింకు సరిపోతుంది, కొన్నిటికి 4జీ రూటరు, దారీ తెన్నూ లేని ఒకటి రెండు చోట్ల శాటిలైటే గతి.

చేయవలసింది: జిల్లాని లాట్లుగా విడగొట్టండి. ఏ సాంకేతికత వాడాలో వెండరుకి వదలండి, తరగతిలో ఏం అందాలో మీరు రాయండి. అయితే సులువైన స్కూళ్ళన్నీ ఒక లాట్, కష్టమైనవన్నీ ఒక లాట్ చేయకండి. రెండోదానికి ఒక్క బిడ్ కూడా రాదు. ప్రతి లాట్‌లోనూ నాలుగు సులువైన స్కూళ్ళతో పాటు ఒక కష్టమైన స్కూలు ఉండేలా కలపండి. టర్నోవర్ షరతు కూడా లాట్ సైజుకి తగినట్టు పెట్టండి. బ్లాకులో ఏళ్ళ తరబడి కేబుల్ నడుపుతున్న స్థానిక ఆపరేటరు మనిషిని పంపాలంటే గంటలో పంపగలడు. కోట్ల టర్నోవర్ అడిగి అతన్ని గుమ్మంలోనే ఆపేయకండి.

3. "ఎల్-వన్‌కి ఇచ్చేయండి, ఎవరూ వేలెత్తి చూపరు"

ఎల్-వన్ అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాడు. ఇదే అన్నిటికంటే ఎక్కువగా వినిపించే సలహా. ఉక్కు ఊళ్ళో ఉన్న మనకి మాత్రం ఇది తప్పని ఇట్టే తెలియాలి. కరిగిన ఉక్కుని మోసే లాడిల్ లోపల వేసే రిఫ్రాక్టరీ ఇటుకని ఎవరూ టన్ను ధర ఒక్కటే చూసి కొనరు. ఆ లైనింగ్ ఎన్ని హీట్లు తట్టుకుంటుందో చూసి, హీటుకి ఎంత పడిందో లెక్కగడతారు. స్కూలు నెట్‌కి కూడా అదే లెక్క: తరగతిలో నెట్ నడిచిన ఒక్కో గంటకి ఎంత పడింది?

అమెరికాలో 1996 టెలికం చట్టం కింద వచ్చిన, స్కూళ్ళ నెట్ ఖర్చుకి రాయితీ ఇచ్చే ఈ-రేట్ పథకంలో స్కూలు తన అవసరాన్ని బహిరంగంగా ప్రకటించి కనీసం 28 రోజులు ఆగాలి. ఎంపికలో ధరకి అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఉండాలి, కానీ ధర ఒక్కటే ఉండాలని లేదు. మన దగ్గరా దారి ఉంది. నాణ్యత ముఖ్యమైన పనులకి, సేవలకి నాణ్యతతో పాటు ధరకి మార్కులు వేసే పద్ధతిని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు సూచనల్లో అనుమతించింది. నాణ్యతకి గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీ ఇవ్వవచ్చు. సీఎస్సార్ డబ్బయితే కంపెనీ సొంత కొనుగోలు నియమాల్లో ఇంకా వెసులుబాటు ఉంటుంది.

చేయవలసింది: ధరల పట్టికలో ఐదేళ్ళ మొత్తం అడగండి. బిగింపు ఖర్చు, నెల చందా, మూడో ఏట మార్చవలసిన రూటరు, బ్యాటరీ, రిపేరుకి వచ్చే మనిషి ఖర్చు, అన్నీ కలిపి. మార్కుల పట్టిక ముందే టెండరు పుస్తకంలో అచ్చువేయండి. అలా చేస్తే ఆడిట్‌కి భయపడవలసిన పని లేదు.

4. "100 ఎంబీపీఎస్ అని రాయండి, అది చాలు"

ఆ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే 2 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. దానికీ 100కీ మధ్య ఎక్కడైనా తిరగడానికి "అప్ టు" అన్న ఒక్క మాట చాలు. పైగా "అన్‌లిమిటెడ్" కింద చిన్న అక్షరాల్లో ఫెయిర్ యూసేజ్ పరిమితి ఉంటుంది.

ఒకసారి లెక్క వేద్దాం. ల్యాబులో 20 కంప్యూటర్లు, ఒక్కోటీ 1 ఎంబీపీఎస్ వాడుతున్నాయి. 40 నిమిషాల పీరియడ్‌కి 6 జీబీ. రోజుకి ఐదు పీరియడ్లంటే 30 జీబీ. నెలకి 24 పనిదినాలంటే 720 జీబీ. ప్లాన్ పరిమితి 300 జీబీ అయితే పదో పనిదినానికి అయిపోతుంది. మిగిలిన 14 రోజులూ బిల్లు మాత్రం పూర్తిగా వస్తుంది.

చేయవలసింది: కనీస వేగం రాయండి, గరిష్ఠం కాదు. ఎన్ని పరికరాలు ఒకేసారి వాడుతుండగా ఆ వేగం రావాలో రాయండి. అప్‌లోడ్ వేగం విడిగా రాయండి. నెల డేటా పరిమితి మీ లెక్కకి పైనే ఉండాలని రాయండి. ఎక్కడ కొలవాలో కూడా రాయండి: రూటరు పక్కన కాదు, ల్యాబులో చివరి కంప్యూటరు దగ్గర.

5. "99 శాతం అప్‌టైమ్ పెట్టాం కదా, ఇంకేం కావాలి"

దేనిలో 99 శాతం? నెలకి 720 గంటలు. అందులో ఒక శాతం 7.2 గంటలు. స్కూలు రోజుకి ఆరు గంటలు నడుస్తుందనుకుంటే ఒక రోజుకి పైగా పోయినా కాంట్రాక్టు ఉల్లంఘన లేనట్టే. అదే 95 శాతమైతే 36 గంటలు, అంటే పూర్తిగా ఆరు స్కూలు రోజులు. రాత్రంతా ఖాళీ గదిలో చక్కగా పనిచేసిన నెట్, పగలు తరగతిలో పోయిన నెట్‌ని కప్పేస్తుంది.

చేయవలసింది: అప్‌టైమ్‌ని స్కూలు పనివేళల్లోనే లెక్కించాలని రాయండి. చెడితే ఎన్ని పనిగంటల్లో బాగుచేయాలో రాయండి. పెనాల్టీని శాతాల్లో దాచకుండా రోజుకి ఇంత అని చెప్పండి: నెట్ లేని ప్రతి స్కూలు రోజుకీ ఆ నెల చందాలో ఒక పనిదినం భాగం కోత, మూడు రోజులు దాటితే రెట్టింపు. పరీక్షల నెలల్లో ఇంకా కఠినంగా పెట్టవచ్చు.

6. "ఇన్‌స్టాలేషన్ రిపోర్టు మీద సంతకం పడగానే బిల్లు పాస్ చేసేయండి"

ఘాట్‌శిల దాటాక ఒక మిడిల్ స్కూలుకి వెళ్ళాను. ఆఫీసు గదిలో బీరువా మీద తెల్లటి పెట్టె ఉంది. దాని మీద ఎల్ఓఎస్ అన్న అక్షరాల దగ్గర ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతోంది. అంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదు. కిటికీలోంచి లోపలికి వచ్చిన సన్నని వైరు బీరువా కాలి కింద నలిగి, మడత పడి ఉంది. హెడ్‌మాస్టారు ఫైలు తెచ్చి చూపించారు. బిగింపు పత్రం, ముద్ర, తేదీ, పరీక్షించిన వేగం 98 ఎంబీపీఎస్. ఆ వేగం టెక్నీషియను తన ఫోన్లో, ఆ పెట్టె పక్కనే నిలబడి చూసింది.

"మరి ల్యాబుకి?" అని అడిగాను.

"ల్యాబు ఆవరణకి ఆ పక్క ఉంది సార్. అక్కడి దాకా వైరు రాలేదు. ఆఫీసుకి ఇచ్చారు. సంతకం పెట్టకపోతే మిగతా పని కాదన్నారు, పెట్టాను."

రాష్ట్ర ప్రభుత్వ యాప్ ఈ-విద్యావాహినిలో హాజరు పంపడానికి ఆయన తన సొంత ఫోన్ డేటానే వాడుతున్నారు. పత్రంలో ఏదీ అబద్ధం కాదు. సంతకం నిజం, వేగం నిజం. పిల్లలకి మాత్రం నెట్ లేదు. అసలు తప్పు ఆ సంతకానికి డబ్బంతా ముడిపెట్టిన షరతులో ఉంది.

చేయవలసింది: బిగింపుకి మొత్తంలో కొంత భాగమే ఇవ్వండి. మిగతాది నెలనెలా, తరగతి గది కొలతల ఆధారంగా ఇవ్వండి. గిగా మీటర్ లాంటి యాప్‌ని స్కూలు కంప్యూటర్లో పెడితే అది రోజూ వేగం కొలిచి పంపుతుంది. వెండరు పంపే రిపోర్టు మీద ఆధారపడనక్కర్లేదు. కాంట్రాక్టులో ఈ మాదిరి షరతు పెట్టండి:

"నెల బిల్లుకి ఆధారం పనివేళల్లో తరగతి గదిలోనో ల్యాబులోనో తీసిన కొలతలే. స్కూలు ఫిర్యాదు నమోదైన క్షణం నుంచి, సరిచేసినట్టు హెడ్‌మాస్టరు ధ్రువీకరించేదాకా, సేవ లేనట్టుగానే లెక్క. హెడ్‌మాస్టరు ధ్రువీకరణ లేని నెలకి చెల్లింపు ఉండదు."

ఫిర్యాదు చేసే నంబరు ఒక్కటే ఉండాలి. అది హిందీలో మాట్లాడే మనిషి ఎత్తే నంబరు అయి ఉండాలి. ఆ నంబరుని గోడ మీద పెయింటుతో రాయించమని కాంట్రాక్టులోనే పెట్టండి.

7. "కరెంటు, పిడుగులు మన చేతిలో లేవు, అవి వదిలేయండి"

జార్ఖండ్‌లో పిడుగులు ఏటా మనుషుల ప్రాణాలు తీస్తాయి. ఎండాకాలం సాయంత్రాలు విరుచుకుపడే కాల్‌బైశాఖి గాలివానకి ఈ జిల్లా అలవాటుపడిపోయింది. ఏటా వచ్చేదాన్ని దైవాధీనం కింద రాసి, వెండరుని బాధ్యత నుంచి తప్పించడం న్యాయం కాదు. ఫైబర్ గాజుపోగు కాబట్టి దానిలోంచి పిడుగు కరెంటు రాదు. అది వచ్చేది కరెంటు తీగ మీదుగా, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ఆరుబయట లాగిన రాగి ల్యాన్ కేబుల్ మీదుగా. వీటికి ఉపాయం ఉంది: సర్జ్ ప్రొటెక్టరు, సరైన ఎర్తింగు, భవనాల మధ్య రాగికి బదులు ఫైబర్.

కరెంటు సంగతీ అంతే. రూటరు, ఫైబర్ పెట్టె కలిపి 25 వాట్ల లోపే తీసుకుంటాయి. స్కూలు నడిచే ఆరు గంటలకి 150 వాట్-అవర్లు. 12 వోల్టుల 20 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి ఆ పూట గడిపేస్తుంది. ఇంత చిన్న ఖర్చు టెండరులో లేకపోవడం వల్ల, పెట్టిన పెద్ద ఖర్చంతా కరెంటు పోయిన ప్రతిసారీ పనికిరాకుండా పోతుంది.

చేయవలసింది: బ్యాటరీ, ఎర్తింగు, సర్జ్ రక్షణ, గోడకి పైపులో బిగించిన వైరు, ఇవన్నీ వెండరు సరఫరాలోనే చేర్చండి. విడి పెట్టెలు కొన్ని బ్లాకు కేంద్రంలో నిలవ ఉంచాలని రాయండి. మినహాయింపుల జాబితాలోంచి పిడుగుని, మామూలు గాలివానని తీసేయండి. నిజంగా ఎవరి చేతిలోనూ లేని విపత్తులకే మినహాయింపు ఉంచండి.

8. "ముందు పెట్టించేద్దాం, తరవాతి సంగతి తరవాత"

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యని బూట్ పద్ధతిలో, అంటే సొంత ఖర్చుతో పెట్టి, నడిపి, గడువు తీరాక స్కూలుకి అప్పగించేలా, ఐదేళ్ళకి ప్రైవేటు సంస్థలకి ఇచ్చారు. 2013లో గడువు తీరింది. కంప్యూటర్లు స్కూళ్ళకి మిగిలాయి, నేర్పించే ఇన్‌స్ట్రక్టర్లు మిగల్లేదు. చాలాచోట్ల ల్యాబు తలుపులు తెరిచేవాళ్ళు లేకుండా పోయారు. ఆరో ఏడు ఏం జరగాలో మొదటి రోజే రాసుకోకపోతే ఇలాగే అవుతుంది.

భారత్‌నెట్ చరిత్ర కూడా ఇదే చెప్తుంది. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో మొదలైనప్పుడు దృష్టంతా వైరు వేయడం మీదే ఉండేది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో, ఒకచోట తెగినా రెండో వైపు నుంచి అందేలా రింగ్ పద్ధతి తెచ్చారు. మూడేళ్ళు వేయడం, పదేళ్ళు నిర్వహించడం ఒకే కాంట్రాక్టులో పెట్టారు. వేసినవాడే చూసుకోవాలన్న ఈ మార్పుని మన చిన్న కాంట్రాక్టులోకీ తెచ్చుకోవాలి.

చేయవలసింది: సీఎస్సార్ డబ్బుతో పరికరాలు కొనిచ్చి తప్పుకోకండి. నియమాల ప్రకారం కొనసాగే ప్రాజెక్టుని మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ళ దాకా నడపవచ్చు. ఆ గడువు పూర్తిగా వాడుకుని నెల చందాలకి కేటాయించండి. ఆ తరవాత ఎవరు కడతారో, స్కూలు గ్రాంటా, పంచాయతీయా, ప్రభుత్వ పథకమా, సంతకంతో ముందే రాయించండి. ఫాల్ క్లాజు పెట్టండి: వెండరు అదే సేవని వేరేచోట తక్కువకి ఇస్తే మనకీ తగ్గించాలి. బ్యాండ్‌విడ్త్ ధరలు ఏడాదికేడాది తగ్గుతుంటే మనం పాత ధరే కడుతూ కూర్చోవడం పిల్లల డబ్బు పారేయడమే. కాంట్రాక్టు ముగిసిన రోజున పాస్‌వర్డులు, సెట్టింగులు, ఆవరణలోని వైర్లు స్కూలు చేతికి రావాలని రాయండి.

ఈ ఎనిమిది సలహాలకీ మూలం ఒకటే. కొనేవాళ్ళు ఆఫీసులో ఉంటారు, వాడేవాళ్ళు తరగతిలో ఉంటారు. వాడేవాళ్ళ మాటకి డబ్బుని ముడిపెట్టిన కాంట్రాక్టు ఒక మాదిరిగా రాసినా నిలబడుతుంది. ముడిపెట్టనిది ఎంత అందంగా రాసినా నిలబడదు.

కొనుగోళ్ళు తెలిసిన మనవాళ్ళకి నా విన్నపం ఇది. ఎండాకాలం సెలవుల్లో ఒక స్కూలుని ఎంచుకోండి. ఆ హెడ్‌మాస్టారి దగ్గర కూర్చుని కాంట్రాక్టు ముసాయిదా చదవండి. చెల్లింపు షరతు ఉన్న పేజీ తీసి, అందులో స్కూలు మాటకి చోటుందా లేదా చూడండి. లేకపోతే సంతకం పడకముందే రాయించండి. పడ్డాక ఐదేళ్ళు ఆగాలి, ఆరో తరగతిలో ఉన్న పిల్లకి ఆలోగా స్కూలు చదువు అయిపోతుంది.